పాత ఫోర్డ్ రేంజర్‌కి ఎక్స్‌ప్లోరర్ 8.8 యాక్సిల్, వెనక డిస్క్ బ్రేకులు: కొలత నుంచి రోడ్డు దాకా

నాది 1996 రేంజర్, ఫోర్డ్ వాళ్ల చిన్న పికప్. మూడు లీటర్ల వీ6 ఇంజిను, మాన్యువల్ గేర్లు, టూ వీల్ డ్రైవ్. డల్లాస్ శివారులో ఉంటాం, తోట పనికని కొన్నాను. ఒకరోజు కంకర నింపుకుని ఫ్లైఓవర్ దిగుతుంటే ముందున్న కారు ఉన్నట్టుండి ఆగింది. పెడల్ మొత్తం తొక్కాను. ముందు చక్రాలు కీచుమన్నాయి, బండి ముక్కు కిందకి వంగింది, వెనక నుంచి మాత్రం పట్టు లేదు. జానెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చి వెనక డ్రమ్ములు ఊడదీస్తే, కుడివైపు సీలు పోయి బ్రేక్ షూలు గేరాయిల్‌లో నాని ముద్దయిపోయాయి.

కొత్త సీలు, కొత్త షూలు వేస్తే బండి మళ్లీ మామూలుగా ఆగుతుంది. చాలామందికి అదే చాలు. రేంజర్ డ్రమ్ బ్రేకులు సరిగా ఉంటే చెడ్డవేమీ కావు. బండి మీద తరచూ బరువు వేసేవాళ్లు, ట్రెయిలర్ లాగేవాళ్లు, పెద్ద టైర్లు లేదా పెద్ద ఇంజిను వేసినవాళ్లు మాత్రం ఫోర్డ్ ఎస్‌యూవీ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్‌ని (రెండు చక్రాలని కలిపే ఇరుసు), దాని డిస్క్ బ్రేకులతో సహా తెచ్చి వేసే ఈ పని గురించి ఆలోచించాలి. నేను మొదటి రకం.

భారత్ నుంచి చదివేవాళ్లకి ఒక్క మాట. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి అక్కడి పికప్‌కి ఇంకో బండి యాక్సిల్ వేయొద్దు. సీళ్లు మార్చడం, బ్రేకులో గాలి తీయడం లాంటివి మాత్రం ఎక్కడైనా ఒకటే.

ఏ యాక్సిల్, ఎందుకు

చిన్న ఇంజిను రేంజర్లలో ఎక్కువగా కనిపించేది 7.5 యాక్సిల్. లోపలి క్రౌన్ గేరు వ్యాసం 7.5 అంగుళాలు కాబట్టి ఆ పేరు. చక్రాన్ని తిప్పే షాఫ్టు చివర 28 పళ్లు, బయట 9 అంగుళాల డ్రమ్ములు (కొన్నింటికి 10). ఎక్స్‌ప్లోరర్ ఈ రేంజర్ చాసిస్ మీద పుట్టిన బండే. 1995 నుంచి 2001 వరకు నాలుగు తలుపుల ఎక్స్‌ప్లోరర్‌కి వచ్చిన 8.8 యాక్సిల్‌లో క్రౌన్ గేరు 8.8 అంగుళాలు, షాఫ్టుకి 31 పళ్లు, బయట దాదాపు 11 అంగుళాల డిస్కులు. చక్రం బోల్టుల అమరిక రెండింటికీ ఒకటే: ఐదు బోల్టులు, నాలుగున్నర అంగుళాల వలయం.

సంవత్సరం దగ్గర పొరపాటు పడొద్దు. 1994, అంతకు ముందువి కూడా 8.8 యాక్సిళ్లే, కానీ డ్రమ్ములు. 2002 నుంచి నాలుగు తలుపుల ఎక్స్‌ప్లోరర్‌కి వెనక చక్రాలు విడివిడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చింది, అది మనకి పనికిరాదు.

1993 తర్వాతి రేంజర్‌తో పోలిస్తే ఈ యాక్సిల్ ఒక అంగుళం వెడల్పు. అంటే ఒక్కో చక్రం అర అంగుళం బయటికి వస్తుంది, కంటికి తెలియదు. అంతకు ముందు రేంజర్లు ఇంకా సన్నం, వాటికి తేడా బాగా కనిపిస్తుంది. ఇంకొకటి, 14 అంగుళాల రిమ్ములు ఈ డిస్కుల మీద కూర్చోవు. 15 కావాలి. రిమ్ముల ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

పాత బండ్ల విడిభాగాల యార్డులో చూడాల్సినవి

డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది. డీ4 అంటే 3.73 నిష్పత్తి (చక్రం ఒక్కసారి తిరగడానికి, గేర్‌బాక్సు నుంచి యాక్సిల్‌కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 సార్లు తిరుగుతుంది), లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం పంపే రకం డిఫరెన్షియల్), డీ2 అంటే 4.10 లిమిటెడ్ స్లిప్. వెనక కవర్ బోల్టుకి చిన్న రేకు బిళ్ల వేలాడుతుంటుంది. దాని మీద 3ఎల్73 అని ఉంటే లిమిటెడ్ స్లిప్, మధ్యలో ఎల్ లేకపోతే మామూలు డిఫరెన్షియల్. మీది ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు యాక్సిల్ నిష్పత్తి, ఇది ఒకటే కావాలి. ఈ విషయంలో రాజీ లేదు.

యార్డువాళ్లు ఒప్పుకుంటే కవర్ తెరిచి చూడండి. లోపలి అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. గోటికి తగిలేంత ఇనుప పెళ్లలు ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ తిప్పే చిన్న గేరు) ఫ్లాంజ్ పట్టుకుని పైకీ కిందకీ ఊపండి, ఆట ఉండకూడదు.

యాక్సిల్‌తో పాటు ఇవి కూడా తెచ్చుకోండి: కాలిపర్లు (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగాలు), వాటి బ్రాకెట్లు, యాక్సిల్ మీది స్టీలు బ్రేకు పైపులు, మధ్యలోని రబ్బరు గొట్టం, రెండు హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక చివరి ఫ్లాంజ్ ముక్క. ఆ చివరి ముక్కని చాలామంది మర్చిపోయి మళ్లీ యార్డుకి పరిగెత్తుతారు.

పాతది విప్పకముందే కొలవండి

అసలు పని ఇక్కడే ఉంది. ఎక్స్‌ప్లోరర్‌లో కమాన్ కట్టలు (స్ప్రింగు పట్టీలు) యాక్సిల్ కింద నుంచి పోతాయి. రేంజర్‌లో యాక్సిల్ పైన కూర్చుంటాయి. కాబట్టి ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ కిందున్న కమాన్ సీట్లు కోసేసి, పైన కొత్తవి వెల్డ్ చేయాలి. బోల్టులు విప్పి బిగించే పని కాదిది. వెల్డ్ అయ్యాక తప్పు తెలిస్తే మళ్లీ కోయడమే.

బండి సమతలంగా ఉన్న సిమెంటు నేల మీద, చక్రాల మీద నిలబడి ఉండగానే ఈ కొలతలు రాసుకోండి. రెండు కమాన్ సీట్ల మధ్య గీతల దూరం. ప్రతి సీటు నుంచి ఆ పక్క చక్రం కూర్చునే ముఖం దాకా దూరం. ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు చివర గేర్‌బాక్సులోకి ఎంత దూరిందో, బయట ఎంత మిగిలిందో. గేర్‌బాక్సు వెనక చివర కోణం, పినియన్ కోణం. కోణాలకి అయస్కాంతం ఉన్న డిజిటల్ యాంగిల్ మీటరు చాలు. నేను ఈ అంకెలన్నీ చాక్‌పీసుతో గ్యారేజీ గోడ మీద రాశాను. చేతులకి గ్రీజు ఉన్నప్పుడు ఫోను తీసి చూడనక్కర్లేదు.

పాతది దించడం

ముందు చక్రాలకి అటూ ఇటూ చెక్కలు పెట్టండి. చాసిస్ కింద జాకీ స్టాండ్లు పెట్టండి. ఒక్క జాకీ మీద ఆధారపడి బండి కిందకి దూరొద్దు. డ్రమ్ముల్లో దుమ్ముని కంప్రెసర్‌తో ఊదొద్దు, పాత షూలలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు, బ్రేకు గొట్టం, ఏబీఎస్ సెన్సర్ వైరు, షాకబ్జార్బర్లు, చివరగా యాక్సిల్‌ని కమాన్లకి బిగించే యూ-బోల్టులు, ఈ వరసలో విప్పండి. తుప్పు పట్టిన యూ-బోల్టు నట్లు పానాతో తిరగవు, కోసేయండి. ఎలాగూ పాత యూ-బోల్టులు మళ్లీ వాడకూడదు. ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ గొట్టం వ్యాసం మూడుంపావు అంగుళాలు, దానికి తగ్గ కొత్త యూ-బోల్టులు, కింది ప్లేట్లు కొనాలి. రేంజర్ షాకబ్జార్బర్ కింది చివర ఆ ప్లేటుకే తగులుతుంది, కాబట్టి షాకబ్జార్బర్ పిన్ను ఉన్న ప్లేట్లే చూసి తీసుకోండి.

కొత్త యాక్సిల్ సిద్ధం చేయడం

కింది సీట్లని గ్రైండర్ కటింగ్ బ్లేడుతో కోసేటప్పుడు గొట్టానికి ఆనించి కోయొద్దు. రెండు మిల్లీమీటర్ల ఇనుము వదిలేసి కోసి, మిగిలింది ఫ్లాప్ డిస్కుతో నెమ్మదిగా అరగదీయండి. నాకు ఒక్కో సీటుకి గంట పట్టింది. మొదట్లో వెల్డింగ్ గీత మెరుస్తూ ఉంటుంది, అరిగే కొద్దీ దాని అంచు సన్నబడి వెంట్రుకలా మారుతుంది. ఆ వెంట్రుక మాయమైన చోట ఆపేయాలి. ఇంకా నొక్కితే గొట్టం గోడ పలచబడుతుంది.

ఈ దశలో సీళ్లు మార్చొద్దు, వెల్డింగ్ వేడికి కొత్త సీళ్లు కాలిపోతాయి.

కోణం పెట్టడం

కొత్త సీట్లు రెండున్నర అంగుళాల కమాన్‌కి, మూడుంపావు గొట్టానికి సరిపోయేవి కావాలి. వాటిని వెల్డ్ చేయకుండా గొట్టం మీద వదులుగా కూర్చోబెట్టి, యాక్సిల్‌ని కమాన్ కట్టల కిందకి తెచ్చి, యూ-బోల్టులు గట్టిగా కాకుండా పట్టు దొరికేంత బిగించండి. రెండు సీట్ల నుంచి చక్రం ముఖాలకి దూరం సమానంగా ఉందో లేదో చూడండి. డిఫరెన్షియల్ గుండు మధ్యలో ఉండదు, ప్యాసింజర్ వైపుకి జరిగి ఉంటుంది. దాన్ని చూసి మధ్య లెక్క వేయొద్దు.

తర్వాత చక్రాలు వేసి బండిని నేలకి దించండి. దీన్ని తప్పకుండా చేయాలి. నేను మొదటిసారి బండి స్టాండ్ల మీదే ఉండగా, యాక్సిల్ వేలాడుతుండగా కోణం చూసి టాక్ (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డ్) వేశాను. కిందకి దించాక కమాన్లు చదునై పినియన్ కోణం మూడు డిగ్రీలు మారిపోయింది. టాకులే కాబట్టి కోసేసి మళ్లీ పెట్టుకోగలిగాను.

ఒకే ముక్క ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉన్న బండికి సూత్రం ఇది: గేర్‌బాక్సు గీత, పినియన్ గీత ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. గేర్‌బాక్సు వెనక్కి 4 డిగ్రీలు కిందకి వాలితే, పినియన్ ముక్కు 4 డిగ్రీలు పైకి చూడాలి. అయితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్లు మెలితిరిగి ముక్కు ఇంకాస్త పైకి లేస్తుంది. అందుకని ఒకటి రెండు డిగ్రీలు తక్కువగా, అంటే 2 నుంచి 3 దగ్గర పెట్టండి. పినియన్ ముక్కు కింద చిన్న జాకీ పెట్టి, మీటరు చూస్తూ మిల్లీమీటరు మిల్లీమీటరుగా లేపొచ్చు. ఎక్స్‌టెండెడ్ క్యాబ్ బండ్లలో ఉండే రెండు ముక్కల షాఫ్ట్‌కి మధ్య బేరింగు ఉంటుంది. అక్కడ వెనక ముక్క కోణంతో పోల్చి చూడాలి.

కోణం కుదిరాక ఒక్కో సీటుకి నాలుగు టాకులు వేసి, మళ్లీ కొలిచి, అప్పుడు యాక్సిల్ బయటికి తీయండి.

వెల్డింగ్

మామూలు ఇంటి ప్లగ్గుకి పెట్టే చిన్న వెల్డింగ్ మెషీన్లతో ఈ పని చేయొద్దని నా గట్టి అభిప్రాయం. పైకి అందంగా కనిపిస్తుంది, లోపలికి దిగదు. చేతకాకపోతే టాకుల వరకు మీరు చేసి, యాక్సిల్‌ని మంచి వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లండి. నేను అదే చేశాను.

ఎవరు చేసినా మూడు సంగతులు. ఒకేసారి చుట్టూ లాగితే గొట్టం వంగుతుంది. అంగుళం అంగుళంన్నర చొప్పున, ఈ వైపు ఒకటి ఆ వైపు ఒకటి వేసి మధ్యలో చల్లారనివ్వాలి. నీళ్లు పోసి చల్లార్చొద్దు. ఎర్త్ క్లాంపు వెల్డ్ చేస్తున్న గొట్టానికే, దగ్గర్లో పెట్టాలి, లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది.

మూడో సంగతి ప్రాణానికి సంబంధించింది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన ఇనుము మీద తడి ఆరకుండా వెల్డ్ చేస్తే ఫాస్జీన్ అనే విష వాయువు పుడుతుంది. డబ్బా మీద క్లోరిన్ లేనిదని రాసి ఉంటేనే వెల్డింగ్ జాగాలో వాడండి, అదీ పూర్తిగా ఆరాకే.

షాఫ్టులు, సీళ్లు

కాలిపర్లు, డిస్కులు తీసి, కవర్ విప్పి నూనె వంచేయండి. లోపల అడ్డంగా ఉండే పిన్నుని ఒక చిన్న బోల్టు పట్టుకుని ఉంటుంది, తల 8 మిల్లీమీటర్లు. ఈ బోల్టు విరగడం ఈ యాక్సిళ్లకి ఉన్న పేరున్న జబ్బు. ఆరు మూలల సాకెట్టే వాడండి, కొంచెం వేడి చేయండి, ఒక్కసారిగా గుంజకుండా అటూ ఇటూ ఆడిస్తూ తీయండి. తిరిగి పాతది వేయొద్దు, కొత్త బోల్టుకి థ్రెడ్ లాకర్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) రాసి దాదాపు 22 పౌండ్-అడుగుల టార్క్‌తో బిగించండి.

పిన్ను బయటికి వచ్చాక షాఫ్టుని లోపలికి నెడితే దాన్ని పట్టి ఉంచే సీ-క్లిప్పు ఊడిపడుతుంది, షాఫ్టు బయటికి వస్తుంది. పిన్ను లేనప్పుడు షాఫ్టులు తిప్పొద్దు, లోపలి చిన్న గేర్లు జారిపోతాయి. షాఫ్టు మీద బేరింగు తిరిగే చోట వేలు పెట్టి చూడండి. గుంతలు తగిలితే కొత్త సీలు వేసినా కొన్నాళ్లకి మళ్లీ కారుతుంది, షాఫ్టే మార్చాలి. బాగుంటే కొత్త బేరింగులు, కొత్త సీళ్లు వేసి, సీలు పెదవికి గేరాయిల్ రాసి, షాఫ్టుని దాని మీద ఈడ్చకుండా ఎత్తి పట్టి దూర్చండి. నా బ్రేకుల్ని ముంచింది ఆ సీలే, అందుకే ఇంత చెబుతున్నాను.

కవర్ మూసి దాదాపు రెండున్నర లీటర్ల గేరాయిల్ పోయండి. లిమిటెడ్ స్లిప్ అయితే దానితో పాటు 120 మిల్లీలీటర్ల ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడిని సర్దే ద్రవం) పోయాలి. అది మర్చిపోతే మలుపుల్లో వెనక నుంచి గరగరలాడుతుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్

8.8 ఫ్లాంజ్ రేంజర్ 7.5 ఫ్లాంజ్ కంటే పెద్దది, నేరుగా కలవదు. యార్డు నుంచి తెచ్చిన ఫ్లాంజ్ ముక్కని రేంజర్ షాఫ్టుకి క్రాస్ జాయింటుతో కలపాలి. రెండు వైపులా సైజు వేరయితే కన్వర్షన్ క్రాస్ జాయింట్లు దొరుకుతాయి, నాలుగు కప్పుల వ్యాసం కొలిచి అడగండి. ఫ్లాంజ్ మార్చేద్దామని పినియన్ నట్టు మాత్రం విప్పొద్దు. దాని కింద నలిగే స్లీవు ఉంటుంది, బేరింగు బిగువు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఫ్లాంజ్ బోల్టులకి థ్రెడ్ లాకర్ రాసి 70 నుంచి 95 పౌండ్-అడుగుల మధ్య బిగించండి. వెనక బరువు వేసి కమాన్లు కిందకి నొక్కినప్పుడు కూడా షాఫ్టు ముందు చివరికి గేర్‌బాక్సులో అంగుళం దాకా ఖాళీ మిగలాలి.

బ్రేకులు

2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత బండ్లకి ఏటా జరిగే సేఫ్టీ తనిఖీ తీసేశారు. అంటే నా బ్రేకుల్ని ఇక ఎవరూ చూడరు. నా వెనక, నా ముందు రోడ్డు మీద ఉన్నవాళ్లందరి తరఫున చూడాల్సింది నేనే. అందుకే ఈ భాగంలో పాత సామాను వాడలేదు. డిస్కులు, ప్యాడ్లు, కాలిపర్లు, రబ్బరు గొట్టాలు, హ్యాండ్ బ్రేక్ షూలు అన్నీ కొత్తవే. యార్డు నుంచి బ్రాకెట్లు, కేబుళ్లు మాత్రమే మిగిలాయి.

స్టీలు పైపు తుప్పు పట్టి ఉంటే కొత్తది వంచి, చివర్లు డబుల్ ఫ్లేర్ చేయాలి, అంటే అంచుని రెండు మడతలుగా విప్పార్చాలి. ఒత్తి బిగించే కంప్రెషన్ జాయింట్లు బ్రేకు పైపు మీద ఎప్పుడూ వాడకూడదు. చాసిస్ పైపుకి, ఎక్స్‌ప్లోరర్ గొట్టానికి మర ఒకటేనా అని చేత్తో తిప్పి చూడండి. మూడు చుట్లు తేలిగ్గా తిరగాలి. ఏబీఎస్ సెన్సర్ డిఫరెన్షియల్ పైనున్న రంధ్రంలో కూర్చుంటుంది, రేంజర్ వైరు కనెక్టరు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.

హ్యాండ్ బ్రేక్ ఈ డిస్కు టోపీ లోపలున్న చిన్న షూలతో పనిచేస్తుంది. నక్షత్రం ఆకారం చక్రాన్ని తిప్పుతూ, డిస్కు కొంచెం రాసుకున్నాక కాస్త వెనక్కి తిప్పాలి. కేబుల్ సాగదీసి ఈ ఆటని సరిచేద్దామనుకోవద్దు.

గాలి తీయడం: మొదట వెనక కుడి చక్రం, తర్వాత వెనక ఎడమ, ఆపైన ముందు కుడి, చివరగా ముందు ఎడమ. కొత్త డాట్ 3 బ్రేకు నూనె, అప్పుడే తెరిచిన డబ్బాలోది. కాలిపర్ గాలి తీసే నిపిల్ పైకి చూస్తుండాలి. ఎడమది కుడివైపు బిగిస్తే నిపిల్ కిందకి వెళ్లిపోతుంది, గంట తీసినా గాలి పోదు. డ్రమ్ము సిలిండరు కంటే కాలిపర్‌కి ఎక్కువ నూనె కావాలి కాబట్టి పెడల్ మునుపటి కంటే కొంచెం కిందకి వెళ్లొచ్చు. గాలి పూర్తిగా పోయినా పెడల్ మరీ కిందకి వెళ్తుంటే అదే కాలపు ఎక్స్‌ప్లోరర్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే నూనెని నెట్టేది) వేస్తారు. బోల్టు రంధ్రాలు, పైపు మరలు పోల్చి చూశాకే కొనండి. పెడల్ వదిలాక కూడా వెనక చక్రం బిగుసుకుని ఉంటే, డ్రమ్ముల కోసం పైపులో ఒత్తిడి నిలిపే వాల్వు ఎక్కడైనా ఉందేమో వెతకండి. డిస్కులకి అది ఉండకూడదు.

రోడ్డు మీదకి

చక్రం నట్లు 100 పౌండ్-అడుగులు. మొదట గ్యారేజీ ముందే నడిచే వేగంతో నాలుగుసార్లు ఆపి చూడండి. తర్వాత ఖాళీ పార్కింగ్ లాట్‌లో, బండిలో బరువు లేకుండా, 30 మైళ్ల వేగం నుంచి క్రమంగా ఒత్తిడి పెంచుతూ ఆపండి. పక్కన ఎవరినైనా నిలబెట్టి చూడమనండి. ముందు చక్రాల కంటే ముందే వెనకవి లాక్ అయితే బండి తోక తిప్పేస్తుంది. అలా జరిగితే వెనక ఒత్తిడి తగ్గించే సర్దుబాటు ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టందే రోడ్డెక్కొద్దు. ఏటవాలు మీద హ్యాండ్ బ్రేక్ ఒక్కదానితో బండి నిలబడుతుందో లేదో కూడా అప్పుడే చూడండి.

కొత్త ప్యాడ్లు కుదురుకోవడానికి 30 మైళ్ల నుంచి 5 మైళ్ల దాకా పదిసార్లు తగ్గించి, మధ్యలో అర నిమిషం నడపండి. పూర్తిగా ఆపి పెడల్ తొక్కి ఉంచొద్దు.

నా బండిలో పాత నిష్పత్తి 3.45, కొత్తది 3.73. వేగం సంకేతం గేర్‌బాక్సు నుంచి వచ్చే బండి అయితే మీటరు 8 శాతం ఎక్కువ చూపిస్తుంది, 60లో పోతుంటే 65 దగ్గర. యాక్సిల్ సెన్సర్ నుంచి వచ్చే బండ్లలో మారదు. ఫోన్లో జీపీఎస్‌తో పోల్చి, తేడా ఉంటే గేర్‌బాక్సు దగ్గరి స్పీడోమీటరు గేరు మార్చండి.

వంద మైళ్ల తర్వాత యూ-బోల్టులు మళ్లీ టార్క్ రెంచితో బిగించాను, ప్రతి నట్టూ కొంచెం తిరిగింది. ఐదు వందల మైళ్లకి ఇంకోసారి బిగించి, వెల్డింగ్ గీతల వెంట టార్చితో చూసి, రెండు చక్రాల లోపలి వైపు వేలితో తడిమాను. పొడిగా ఉంది.